నరాలు తెగిన గుండెకు ఎవరు చెబుతారు?

ప్రశ్న: గుండె మార్పిడిలో నరాలు తెగిపోతాయంటారు కదా, మరి ఆ మనిషి మెట్లెక్కితే రక్తం ఎక్కువ పంపాలని కొత్త గుండెకు ఎలా తెలుస్తుంది?

జవాబు: మంచి ప్రశ్నే అడిగారు. అసలు కొట్టుకోవడానికి గుండెకు మెదడు ఆర్డర్ అక్కర్లేదు, కుడి కర్ణిక (గుండెలో పై గది) గోడలోని చిన్న కణాల గుంపే కరెంటు పుట్టిస్తుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో దెబ్బకు గుండె పంపే రక్తం సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి ఓ 70 దెబ్బలు, అంటే దాదాపు 5 లీటర్లు. మెట్లెక్కితే కాళ్ల కండరాలు సిరల్ని పిండి రక్తాన్ని పైకి తోస్తాయి, దాంతో జఠరికలు (గుండెలో కింది గదులు) ఎక్కువ నిండి సాగుతాయి, సాగినకొద్దీ (ఓ హద్దు వరకు) ఇంకా గట్టిగా ముడుచుకుంటాయి. ఫ్రాంక్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తల పేర్లతో పిలిచే సూత్రం ఇదే. నరాలున్న గుండె వెంటనే వేగం అందుకుంటుంది గానీ, మార్పిడి గుండె రక్తంలో అడ్రినలిన్ (గుండె వేగం పెంచే హార్మోన్) వచ్చేదాకా, అంటే కొన్ని నిమిషాలు ఆగాలి. అందుకే వాళ్లను ముందు నెమ్మదిగా నడిచి ఆ తర్వాతే వేగం పెంచమంటారు.

ఇంకో విచిత్రం, బ్రేకులా పనిచేసే వేగస్ నరం కూడా తెగుతుంది కాబట్టి పడుకున్నా వాళ్ల నాడి తరచుగా 90 నుంచి 110 మధ్య ఉంటుంది, ఇంట్లోవాళ్లేమో అది చూసి టెన్షన్ పడుతుంటారు! కొందరిలో ఏళ్లు గడిచాక నరాలు కొంతవరకు మళ్లీ అల్లుకుంటాయి.