తాత గురించి రాయబోతున్న మనవరాలికి

బిడ్డా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. సంవత్సరీకంలోపు తాత మీద చిన్న పుస్తకం తేవాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాణ్ని. నాకు తోచింది రాస్తున్నాను, నిదానంగా చదువుకో.

ముందుగా ఒకటి చెప్పాలి. మహనీయుడు, సేవామూర్తి, నిరాడంబరుడు లాంటి మాటలు పక్కన పెట్టెయ్. మా బాపు పోయినప్పుడు నేను ఆ మాటలతోనే పదిహేను రోజుల్లో పుస్తకం రాసి, ఐదు వందల కాపీలు అచ్చు వేయించి పంచాను. మా అమ్మ దాన్ని చదివించుకుని మొత్తం విని, "మీ బాపు పొద్దుగాల బావి కాడ పాడే పాట ఇందుల లేదేంది?" అని అడిగింది. నాకు ఆ పాట తెలియదు. అమ్మకు పల్లవి ఒక్కటే గుర్తుంది. ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు, నీకు రాకూడదు.

తాత పుట్టిన సంవత్సరం నుంచే జాగ్రత్త పడాలి. బడి రిజిస్టర్‌లో 1934 అని ఉంటుంది. అది బడిలో వేసేటప్పుడు పంతులు అందాజాగా రాసింది. జాతకంలో ఆంగీరస నామ సంవత్సరం అని ఉంది, ఆయన నాకు చూపించారు కూడా. అంటే 1932 ఉగాది నుంచి 1933 ఉగాది మధ్య. పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కలకు వాడిన ఏళ్లు, ఉంటాయి. వాటికి 590 కలుపుకో. ఫసలీ 1357 అంటే 1947-48. ఈ లెక్క రాక చాలామంది ఏళ్లన్నీ తారుమారు చేస్తుంటారు.

ఇక అసలు సంగతి, తాత చదువు. నిజాం రాజ్యంలో పై తరగతుల చదువంతా ఉర్దూలో. ఆయన అట్లాగే చదివారు. 1948 సెప్టెంబర్ 17న సంస్థానం భారత్‌లో కలిసేనాటికి ఆయనకు పదహారేళ్లు నిండీ నిండని వయసు. తర్వాత పంతులు ఉద్యోగం వచ్చింది, పాఠం తెలుగులో చెప్పాలి. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, బోర్డు మీద రాసే తెలుగు వేరు. మేం మూడో తరగతిలో ఉన్నప్పుడు కూడా, కూడిక చెప్పబోయి "జమా" అనేవారు, ఒక్క క్షణం ఆగి దిద్దుకునేవారు. తీసివేతకు "తఫ్రీక్" అని నోటి దాకా వచ్చేది. మేం నవ్వితే కోప్పడేవారు కాదు. "నేను కూడా మీతోపాటే నేర్చుకుంటున్న" అనేవారు. ఆ మాట నా చెవులతో నేను విన్నది, రాసుకో.

తెలుగు పట్టుబడింది ఊరి పఠన మందిరంలో. మన దగ్గర తెలుగు చదువు చాలావరకు గ్రంథాలయాలు నిలబెట్టిందే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, ఆ గాలి మెల్లగా ఊళ్లకు వచ్చింది. నీ పుస్తకంలో ఇది రెండు మూడు వాక్యాలకు మించొద్దు. తాతను చదవడానికి వచ్చినవాళ్లు చరిత్ర పాఠంలో చిక్కుకుపోతారు. ఆయన జీతగాళ్లకు కందిలి వెలుగులో రాత్రిబడి నడిపారు, దానికి మాత్రం పేజీలు ఎన్నైనా ఇవ్వు.

ఆయన ఏమేం నేర్చుకున్నారో ఒక అధ్యాయం, ఎవరికేం చేశారో ఇంకో అధ్యాయం అని విడదీయొద్దు. చిన్నప్పుడు బతకడానికి నేర్చిన ఉర్దూ ముసలితనంలో ఎవరికి పనికొచ్చిందో నీకు తెలుసు కదా. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు చుట్టుపక్కల పల్లెల రైతులంతా టెన్షన్‌తో సందుగల అడుగున ఉన్న కాగితాలు తీసి మీ అరుగు మీదికి వచ్చారు. సేత్వార్ (పాత భూమి సర్వే రికార్డు) నకళ్లు, శిస్తు రసీదులు, అన్నీ ఉర్దూ. చదివేవాళ్లు ఊళ్లో ఆయన ఒక్కరే మిగిలారు.

ఆ రోజుల్లో ఒకసారి నేను పక్కనే కూర్చున్నాను. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలయ్యేట్టుంది. పీట మీద తెల్ల తువ్వాల పరిచి దాని మీద విప్పారు. భూతద్దం పెట్టుకుని ముందు మొత్తం మనసులో చదువుకున్నారు. కాగితం తెచ్చిన రైతు గొంతు తడారిపోయి చూస్తున్నాడు. తర్వాత వేలు పెట్టి ఒక్కో వరుస తెలుగులో చెప్పారు, చివర్లో ఆ రైతు తాత పేరు రాసిన అక్షరాలు కూడా చూపించారు. "ఇదిగో నీ తాత పేరు, ఇట్ల రాస్తరు" అన్నారు. పైసా తీసుకోలేదని అందరూ చెబుతారు. ఆ తువ్వాల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

కాబట్టి మనుషుల దగ్గరకు వెళ్లినప్పుడు "మా తాత ఎట్లాంటివారు?" అని అడగకు. "దేవుడు బిడ్డా" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. ఏ కాగితం తెచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఎంతసేపు పట్టింది, అందులో ఏం తేలింది, ఇవి అడుగు. ఫోన్‌లో రికార్డు చెయ్యి, కానీ మొదటి పావుగంట ఫోన్ తీయకు. ఇంటికి రాగానే ఇంకో చోట కాపీ పెట్టుకో.

ఆయన మీద కోపం ఉన్నవాళ్లనూ కలువు. ఒకాయన తెచ్చిన కాగితంలో భూమి తమ్ముడి పేరు మీద తేలింది. తాత ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన కాగితం లాక్కుని వెళ్లిపోయి మూడేళ్లు మీ గడప తొక్కలేదు. మీ నాన్నకు ఆ ఇల్లు తెలుసు. వాళ్లు చెప్పేది నీకు కష్టంగా ఉండొచ్చు, అయినా కూర్చుని విను.

నానమ్మ సంగతి మర్చిపోకు. వచ్చిన ప్రతి మనిషికీ చాయ్ పెట్టింది ఆమె. జీతంలోంచి పుస్తకాలకు పోయిన డబ్బుకు ఇల్లు ఎట్లా సర్దిందో నేను చూశాను. ఒక ఏడాది మీ అత్త ఫీజు కోసం గాజులు కుదువ పెట్టింది. తాతకు ఆ సంగతి చాలా రోజులకు గానీ తెలియలేదు. ఇది రాస్తే ఆయన గౌరవం తగ్గుతుందని ఎవరైనా అంటే వినకు. నానమ్మను అడిగి, ఒప్పుకుంటేనే రాయి.

కాగితాల విషయం. లామినేషన్ చేయించకు, చిరిగినచోట సెల్లో టేప్ అంటించకు, రెండూ కాగితాన్ని తినేస్తాయి. పగటిపూట కిటికీ దగ్గర పెట్టి ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకో. ఆయన పుస్తకాలు ఎవరికైనా ఇచ్చే ముందు ప్రతి పుస్తకం పేజీలు తిప్పి చూడు. అంచుల మీద పెన్సిల్‌తో తారీఖు వేసి రాసుకునే అలవాటు ఆయనది. ఉర్దూ రాతలు ఉంటే ఊహించి రాయొద్దు, తెలిసినవాళ్లతో చదివించు. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు కావాలంటే హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లు. నిజాం కాలం రికార్డులకు తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది.

సంవత్సరీకానికి పుస్తకం పూర్తి కాకపోతే పోనీ. ఆ రోజుకు నాలుగు పేజీలు చదివి వినిపించు చాలు, మిగతాది నిదానంగా రాసుకో. మనుషులను కలిసే పని మాత్రం ఆపకు. రాత్రిబడిలో తాత దగ్గర సంతకం నేర్చుకున్న అవ్వ చెరువు కట్ట కింది ఇంట్లో ఉంటుంది. వచ్చే ఆదివారమే వెళ్లు. పొద్దున పదిలోపు అయితే ఓపికగా మాట్లాడుతుంది. కుడి చెవి వినిపించదు, ఎడమ పక్కన కూర్చో. పలక, బలపం తీసుకెళ్లు, సంతకం పెట్టి చూపించమని అడుగు.

ఆశీస్సులతో,
మీ తాత శిష్యుడు