పదమూడేళ్ల కిందట ఆగిన బీకాం: పాతది పూర్తి చేయాలా, కొత్తగా చేరాలా?

ప్రశ్న: నా వయసు 34. తెలంగాణలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. 2012లో బీకాం రెండో ఏడాది పరీక్షలు రాశాక పెళ్లయి చదువు ఆగిపోయింది. రెండు సబ్జెక్టులు కూడా మిగిలిపోయాయి. నేను పని నేర్పిన అబ్బాయి ఈమధ్య సెక్షన్ ఇన్‌ఛార్జి అయ్యాడు. నాకెందుకు ఇవ్వలేదని అడిగితే డిగ్రీ లేదన్నారు. పాత డిగ్రీనే పూర్తి చేయాలా, దూరవిద్యలో కొత్తగా చేరాలా? ఒకే ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు, నమ్మొచ్చా? ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఈ వయసులో చదవగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ కన్సల్టెన్సీ ఫోన్ ఇక ఎత్తకండి. మిగతావన్నీ నిదానంగా ఆలోచించవచ్చు గానీ, ఇది మాత్రం ఈరోజే తేల్చేయండి. మూడేళ్ల డిగ్రీని ఒక్క ఏడాదిలో చేతికిచ్చే సరైన దారి మన దేశంలో లేదు. ‘వన్ సిట్టింగ్’ పేరుతో వాళ్లు అమ్మేది పాత తేదీలు వేసిన కాగితాన్ని. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, విశ్వవిద్యాలయంతో సమానంగా గుర్తింపు పొందిన ‘డీమ్డ్’ సంస్థలకు, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా అధికారం పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. నకిలీ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే పోయేది ప్రమోషన్ ఒక్కటే కాదు. ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు అవుతుంది, తొమ్మిదేళ్లు కష్టపడి తెచ్చుకున్న మంచి పేరూ పోతుంది. మీరు అలాంటి పని చేయరనే నమ్మకం నాకుంది. అయినా అలసిపోయి ఉన్న మనిషికి ఇలాంటి ఫోన్లు ఎంత ఆశ పెడతాయో తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు నేర్పిన పనితోనే ఆ అబ్బాయి మీకంటే పైకి వెళ్లాడు. బాధ ఉండటం సహజం. కానీ ఆ బాధలో ఉండగానే అడ్మిషన్ ఫారం నింపొద్దు. ముందు మీ హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాయండి. ఇన్‌ఛార్జి పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుందా, కామర్సే ఉండాలా? దూరవిద్య డిగ్రీని, ఆన్‌లైన్ డిగ్రీని అంగీకరిస్తారా? చదువుతూ ఉన్నవాళ్లను పరిశీలిస్తారా? నోటి మాటగా కాకుండా రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ‘డిగ్రీ లేదు’ అన్నది అసలు కారణమే కావచ్చు, ఆ పూటకు తోచిన జవాబూ కావచ్చు. రెండోదైతే నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఇంకో కారణం వస్తుంది. అప్పుడు కూడా చదువు వృథా కాదు, వేరే ఆసుపత్రికి దరఖాస్తు పెట్టేటప్పుడు పనికొస్తుంది. కాకపోతే ఎవరి కోసం చదువుతున్నారో, దేని కోసం చదువుతున్నారో మీకు ముందే తెలిసి ఉంటుంది.

ఇక పాత డిగ్రీ సంగతి. మీరు చదివిన రోజుల్లో పరీక్షలు ఏడాదికోసారి జరిగేవి. తెలంగాణలో 2016-17 నుంచి డిగ్రీ సెమిస్టర్ పద్ధతికి మారింది, సిలబస్ కూడా మారిపోయింది. అంటే మీ మూడో ఏడాది ఇప్పుడు పాత రూపంలో లేదు. విశ్వవిద్యాలయాలు పాత బ్యాచ్‌ల వాళ్లకు అప్పుడప్పుడు ‘వన్ టైమ్ ఛాన్స్’ పేరుతో బ్యాక్‌లాగ్ పరీక్షలు పెడుతుంటాయి. కానీ అవి ప్రధానంగా మూడేళ్లూ కాలేజీకి వెళ్లి, ఒకటో రెండో పేపర్లు మిగిలిపోయిన వాళ్లకు ఉపయోగపడతాయి. మీకు ఏడాదంతా మిగిలే ఉంది. అందుకే రీఅడ్మిషన్ కావాలి, రెగ్యులర్ కాలేజీలో హాజరూ కావాలి. పగలంతా డ్యూటీలో ఉండే మీకు అది కుదిరే పని కాదు.

సబ్జెక్టులు పాసైతే వచ్చే క్రెడిట్లను (పాయింట్లను) దాచుకునే ఖాతాగా కొత్తగా వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గురించి విని, పాత మార్కులు అందులో వేసుకోవచ్చేమో అని కొందరు అడుగుతున్నారు. 2021 జులైలో నోటిఫై చేసిన ఆ నిబంధనల్లో 2021-22 నుంచి సంపాదించిన క్రెడిట్లకే చోటుంది. వాటికైనా గరిష్ఠంగా ఏడేళ్లే గడువు. 2012 నాటి మీ మెమోలు అందులోకి రావు.

ఒక్కసారి మీ పాత విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి మెమోలు తీసుకుని వెళ్లి అడగండి. సూటిగా దారి చూపిస్తే మంచిదే. లేకపోతే ఆ రెండేళ్లను వదిలేయండి. నా సలహాలో మీకు కష్టంగా అనిపించేది ఇదేనని తెలుసు. ‘రెండేళ్లు చదివాను కదా, ఎలా వదులుకోను’ అనుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగే కాలంలో కొత్త డిగ్రీలో ఒక ఏడాది గడిచిపోతుంది. పైగా అప్పుడు పుస్తకంలో చదివిన అకౌంట్లను ఇప్పుడు రోజూ చేతులతో చేస్తున్నారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు, రిఫండ్‌లు, నెలాఖరు లెక్కలు సరిచూసే మనిషికి బీకాం మొదటి ఏడాది పుస్తకం కొత్తగా ఉండదు.

మీకు నేను చెప్పే సంస్థలు రెండు. హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అక్కడ బీకాం తెలుగు మీడియంలోనూ చదవొచ్చు. రెండోది ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది, జనవరిలోనూ జులైలోనూ అడ్మిషన్లు ఉంటాయి. మీ వారి ఉద్యోగం వల్ల వేరే రాష్ట్రానికి మారే అవకాశం ఉంటే ఇగ్నోనే మేలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య ఆ రాష్ట్రానికే పరిమితం, ఇగ్నో పరిధి దేశమంతా. ఆసుపత్రిలో మెయిళ్లు, రిపోర్టులు ఇంగ్లీషులోనే రాస్తుంటే ఇంగ్లీషు మీడియం తీసుకోండి. ఇంగ్లీషు వల్లే అప్పట్లో సబ్జెక్టులు పోయి ఉంటే మొహమాటం లేకుండా తెలుగు మీడియంలో చేరండి. పాసవడం ముఖ్యం.

వేరే ఏ విశ్వవిద్యాలయంలో చేరాలనుకున్నా, మీరు చేరే ఏడాదికి, మీరు తీసుకునే కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా బ్యూరో (డెబ్) వెబ్‌సైట్‌లో చూడండి. విశ్వవిద్యాలయం పేరు పెద్దదైతే చాలదు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలను నిలిపివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడిన వాళ్లు మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. ఇప్పుడు అడ్మిషన్‌కు ముందే విద్యార్థి స్వయంగా ఆ బ్యూరో దగ్గర డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలన్న నిబంధన ఉంది, ఏజెంట్ల అవసరమే లేదు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ మరోసారి స్పష్టం చేసింది. హెచ్‌ఆర్ వాళ్లు సందేహిస్తే ఆ ప్రకటన చూపించండి.

చదవగలనా అన్నారు. వయసు అడ్డం కాదు, అసలు చిక్కు సమయంతోనే. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుందాం. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మొత్తం 3,600 గంటలు. మూడేళ్లలో ముగించాలంటే వారానికి 23 గంటలు కావాలి. ఇద్దరు పిల్లలున్న ఉద్యోగినికి అది సాధ్యమని నేను చెప్పను. అయిదేళ్లకు సర్దుకుంటే వారానికి 14 గంటలు అవుతుంది. మీకు పనిలో తెలిసిన సబ్జెక్టులకు అంత సమయం కూడా పట్టదు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల లోపు పూర్తి చేయవచ్చు. కాబట్టి మొదటి రోజే నాలుగు, అయిదేళ్లకు ప్లాన్ వేసుకోండి. మూడేళ్లకు వేసుకుని, మొదటి డిసెంబరులో రెండు పేపర్లు రాయలేక, ‘ఇది నా వల్ల కాదు’ అని మానేసే వాళ్లు చాలామంది. వాళ్లలో తెలివి తక్కువ వాళ్లెవరూ లేరు, లెక్క తప్పు వేసుకున్నారంతే.

ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ‘చదువుకో, మేమున్నాం’ అంటే సరిపోదు. వారంలో ఏ రెండు సాయంత్రాలు పిల్లల హోంవర్కు మీ వారు చూస్తారు, ఆదివారం పొద్దున వంటింటి పని ఎవరు అందుకుంటారు, పేర్లతో సహా అనుకోండి. అందరూ పడుకున్నాక చదువుతానంటే నెల రోజుల్లో నీరసం వస్తుంది, పుస్తకం మూలన పడుతుంది.

చేరాక జాగ్రత్త పడాల్సినవి చిన్నవే. ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది, మిగతా 70 జూన్, డిసెంబరు పరీక్షలకు. అసైన్‌మెంట్ ఇవ్వకపోతే పరీక్ష బాగా రాసినా సబ్జెక్టు పూర్తవదు. ఏటా రీరిజిస్ట్రేషన్ మీరే చేసుకోవాలి, పరీక్ష ఫీజు విడిగా కట్టాలి. వీటికి ఎవరూ ఇంటికి ఫోన్ చేసి గుర్తు చేయరు. స్టడీ సెంటర్‌లో మీలాంటి ఉద్యోగస్తులను ఇద్దరు ముగ్గురిని పరిచయం చేసుకోండి. గడువు తేదీలు ఒకరికొకరు చెప్పుకోవడానికే కాదు, మానేద్దామనిపించిన వారంలో మాట్లాడుకోవడానికి కూడా వాళ్లు కావాలి.

డిగ్రీ చేతికొచ్చేదాకా ఆఫీసులో ఈ విషయం దాచొద్దు. అడ్మిషన్ దొరకగానే హెచ్‌ఆర్‌కు తెలియజేసి, పరీక్షల నెలల్లో సెలవు గురించి ముందే మాట్లాడండి. చదువు ఖర్చులో కొంత భరించే పద్ధతి మీ ఆసుపత్రిలో ఉందేమో కనుక్కోండి. మొదటి ఏడాది మెమో రాగానే దాని కాపీ మీ సర్వీసు ఫైలులో పెట్టించి, ఇన్‌ఛార్జి సెలవులో ఉన్న రోజుల్లో ఆ బాధ్యత మీకు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. పని ఎలాగూ మీకు వచ్చు. తర్వాతి ఖాళీ వచ్చేనాటికి మీ ఫైలులో ఆ అనుభవం కూడా నమోదై ఉండాలి.