లెక్కల మాస్టారంటే భయపడే బాబు గురించి

ఏడో తరగతి చదివే మీ అబ్బాయి ఇంట్లో లెక్కలు చక్కగా చేస్తూ, బడిలో మాస్టారు పిలవగానే బిగుసుకుపోతున్నాడని, ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. లెక్క వస్తూనే ఉంది కనుక ట్యూషన్ అనవసరమని నా అభిప్రాయం. కొరవడింది మాస్టారితో చనువే. నేనూ పంతులునే. నోటుబుక్కులో లెక్క మొత్తాన్ని ఎర్ర సిరాతో కొట్టేయడం మాని, తప్పిన మెట్టుకు సున్నా చుట్టి ‘ఇక్కడిదాకా సరే’ అని రాయడం మొదలుపెట్టాకే వెనక బెంచీవాళ్లు నా దగ్గరకు సందేహాలతో రాసాగారు. మీరు బడి వదిలే వేళ మాస్టారిని కలిసి, ఫిర్యాదు ధోరణిలో కాకుండా, బాబు ఇంట్లో చేసిన భిన్నాల లెక్కలు చూపించి, కొన్నాళ్లు బోర్డు దగ్గరకు పిలవకుండా కూర్చున్నచోటే అడగమని కోరండి. కొట్టడమో, మానసికంగా వేధించడమో జరుగుతున్నట్లు తేలితే మాత్రం మొహమాటపడకుండా ప్రధానోపాధ్యాయులకు రాసివ్వండి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ఆ రెండింటినీ నిషేధించింది.