అడవి అంటున్న అమ్మాయిని నీట్ వైపు తిప్పాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వన్యప్రాణుల మీద పని చేస్తానంటోంది. బీఎస్సీ ఫారెస్ట్రీ, బీవీఎస్సీ (పశువైద్యం), బీఎస్సీ జువాలజీల్లో ఏది మేలు? ముందు ఎంబీబీఎస్ చేసి తర్వాత ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) రాయమంటున్నాను. ఆడపిల్లకు అడవిలో ఉద్యోగమంటే భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: కోర్సుల గురించి అడిగారు గానీ, మీ మనసులో ఉన్నది ఆ చివరి మాట. ఈ ప్రశ్న పంపే తల్లిదండ్రులందరిదీ అదే భయం. ముందు దాని సంగతే చూద్దాం.

అడవిలో సాధారణంగా ఎవరూ ఒంటరిగా తిరగరు. నల్లమలలో సర్వేకు వెళ్తే జట్టుగానే వెళ్తారు. చాలాచోట్ల ముందు నడిచి దారి చూపేది అక్కడి చెంచులే. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణననే తీసుకోండి. బీటులో (ఒక ఫారెస్టు గార్డు చూసుకునే అడవి భాగంలో) గుర్తుపెట్టిన రెండు కిలోమీటర్ల గీత వెంట పొద్దున్నే నడిచి, కనబడిన దుప్పులను, కణుజులను, అడవి పందులను లెక్కపెట్టి, అవి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉన్నాయో రాసుకుంటారు. వేడిని, కదలికను పసిగట్టి వాటంతటవే ఫొటో తీసే కెమెరాలను బాటకు అటొకటి, ఇటొకటి జంటగా కడతారు. పులి ఒంటిమీద కుడివైపు చారలు, ఎడమవైపు చారలు వేరువేరు కాబట్టి, ఒక కెమెరా ఆగిపోతే ఆ పులి ఎవరో తేల్చడం కష్టమవుతుంది. ఎదురుగా ఉన్న గడ్డి కొయ్యకపోతే ఎండకు వేడెక్కిన ఆ గడ్డి గాలికి ఊగినప్పుడల్లా ఫొటో పడి కార్డు నిండిపోతుంది. ఇదంతా అయ్యాక నెలల తరబడి కంప్యూటర్ ముందే పని. మీ అమ్మాయి విషయంలో జాగ్రత్త పడాల్సినవి ఎండదెబ్బ, మలేరియా, గతుకుల దారిలో బైకు ప్రయాణాలు. పులి గురించి బెంగ ఆ తర్వాతే. తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఆడపిల్లలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్ల నడక పరీక్ష నెగ్గి బీట్ ఆఫీసర్లుగా పనిచేస్తున్నారు. మీ అమ్మాయి కూడా చేయగలదు.

ఇక ఎంబీబీఎస్ మాట. ఐఎఫ్ఎస్‌కు జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యాల్లో ఒకటైనా ఉన్న డిగ్రీ కావాలి. లేదంటే వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఒక డిగ్రీ ఉండాలి. ఎంబీబీఎస్ ఈ జాబితాలో లేదు. భద్రమైన దారి అనుకుని, ఆమె వెళ్లాలనుకున్న తలుపును మీరే మూసేస్తున్నారు. ఐదున్నరేళ్ల చదువు సూచించే ముందు నోటిఫికేషన్‌లో ఆ ఒక్క పేరా చదవాల్సింది మీరు. ఐఎఫ్ఎస్ అంటే జీవితాంతం పులులతో ఉండటం అని కూడా అనుకోకండి. నర్సరీలు, ఆక్రమణ కేసులు, కోర్టు ఫైళ్లు ఆ ఉద్యోగంలో పెద్ద భాగం. వన్యప్రాణి విభాగంలో పోస్టింగు ఒక వంతు మాత్రమే.

మీరడిగిన మూడింటిలో దేనితోనైనా ఐఎఫ్ఎస్ రాయవచ్చు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ నడిపే వన్యప్రాణి ఎమ్మెస్సీలకూ పోటీ పడవచ్చు. అక్కడ సీట్లు చాలా తక్కువ, ఏటా ప్రవేశాలుంటాయన్న లెక్క పెట్టుకోవద్దు. బీవీఎస్సీతో బతుకుతెరువుకు లోటుండదు, కానీ చదువంతా దాదాపు గొడ్లు, గొర్రెలు, కోళ్ల మీదే. వన్యప్రాణి వైద్యుల పోస్టులు కొద్ది. ములుగు అనగానే ములుగు జిల్లా వైపు చూడకండి, ఫారెస్ట్రీ కాలేజీ ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. జువాలజీ తీసుకుంటే ఖర్చు తక్కువ, కానీ మిగతాదంతా ఆమే నేర్చుకోవాలి.

నాకు నిజంగా గుబులు పుట్టించేది వేరే ఉంది. వేలకు వేలు కట్టించుకుని వారం రోజులు జీపులో తిప్పి సర్టిఫికెట్ ఇచ్చే 'వైల్డ్‌లైఫ్ ఇంటర్న్‌షిప్'లు ఇప్పుడు ఫ్యాషన్ అయ్యాయి. దరఖాస్తు చూసేవాళ్లు ఆ కాగితాన్ని పట్టించుకోరు. ఏ డేటా సేకరించావు, దాన్ని ఎలా విశ్లేషించావు అని అడుగుతారు. లక్షలు పోసి పెద్ద లెన్సు కొంటే ఉపాధి దొరుకుతుందన్న ఆశ కూడా అలాంటిదే. ఫొటోలు అమ్ముకుని ఇల్లు గడుపుకునేవాళ్లు బహు తక్కువ. పాములు పట్టే రీల్స్ అయితే మరీ ప్రమాదం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం కూడా వేటే. అనుమతి లేకుండా నాగుపామును పట్టిన వీడియో పెట్టడమంటే, తన మీద తానే సాక్ష్యం పెట్టుకోవడం. కాటు పడితే ప్రాణమే పోవచ్చు. ఆమె ఫోన్‌లో ఇలాంటివి కనిపిస్తే కోప్పడకుండా ఈ చట్టం సంగతి చెప్పండి.

డబ్బు విషయం దాచను. మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే దొరుకుతాయి. ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. ఆ మధ్యకాలంలో నిలబెట్టేది గణాంకశాస్త్రం. బైపీసీ కాబట్టి లెక్కలు వదిలేశాం అనుకునే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే గణాంకాల కోసం 'ఆర్', మ్యాపుల కోసం 'క్యూజీఐఎస్' అనే సాఫ్ట్‌వేర్లు మొదలుపెట్టించండి. రెండూ ఉచితమే. అడవిలో తిరగడం కన్నా ప్రయోగశాల నచ్చితే హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అక్కడ వన్యప్రాణుల డీఎన్ఏ మీద పని జరుగుతుంది.

ఇంతలో పరీక్షలయ్యాక ఒక పని చేయండి. మీకు వైరా రిజర్వాయర్ దగ్గరే. ఆదివారం తెల్లవారకముందే మీరిద్దరూ గట్టు మీదికి చేరండి. బైనాక్యులర్స్ ఒకటి చాలు, 8×42 రకం. పదిహేను నిమిషాల్లో కనబడిన ప్రతి పక్షినీ, ఎన్నున్నాయో లెక్కపెట్టి, పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయమనండి. పేరు తెలియనిదాన్ని ఊహించి రాయొద్దని చెప్పండి. అలా ఎనిమిది ఆదివారాలు చేయించి, తొమ్మిదో వారం కూడా ఆమె మీకన్నా ముందే లేస్తుందేమో చూసి నాకు రాయండి.