వైన్ కొనడానికి 60 డాలర్లు అక్కర్లేదు, ఉగాది పచ్చడి తిన్న నాలుక చాలు

పోయిన వారం ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, అక్కా శనివారం మా మేనేజర్ వాళ్ళింట్లో డిన్నర్, అందరూ వైన్ పట్టుకొస్తారంట, మాకు ఓనమాలు కూడా తెలీవు, షాపుకెళ్తే గోడ పొడుగునా సీసాలే, 60 డాలర్లది కొంటే పరువు దక్కుతుందా అని. ఇలాంటివి నాకు నెలకొకటన్నా వస్తాయి, అందుకే ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, తాగని వాళ్ళు తాగక్కర్లేదు, సోడా పోసుకుని కూర్చున్నా ఇక్కడ ఎవరూ ఏమనుకోరు. ఇది తాగుదామనుండి షాపులో బిక్కమొహం వేసేవాళ్ళ కోసం.

మేం 2004 లో అమెరికాకి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాం. ఆ మరుసటేడు ఇక్కడ వైన్ కి పేరుమోసిన నాపా వ్యాలీ వెళ్ళి ఒక వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోట (పేరెందుకులెండి) కౌంటర్ వెనక మనిషి నల్ల చెర్రీ, తోలు, పొగాకు అని ఏకరువు పెడుతుంటే నేను అన్నిటికీ గంగిరెద్దులా తలూపా, మా ఆయన నాలుగో గ్లాసు అయ్యేసరికి హుషారొచ్చి వాళ్ళ వైన్ క్లబ్ లో చేరిపోయాడు. మూడు నెలలకోసారి పెట్టె దిగేది, కార్డు మీద 180 డాలర్లు పడేది, అప్పటికి మా అద్దె 1200. పైగా ఆ సీసాల్ని అపురూపంగా ఫ్రిజ్ మీద అలంకరించా. ఇల్లు మొత్తంలో వైన్ కి అంతకంటే చెడ్డ చోటు లేదని తర్వాత తెలిసింది, కింద నుంచి ఫ్రిజ్ వేడి, పక్కనుంచి స్టవ్ వేడి. వైన్ కి వేడీ ఎండా పడవు. క్లోజెట్ లో కింద అడ్డంగా పడుకోబెట్టండి చాలు.

ఆ సీసాల్లో ఒకటి తాగుతూ, ఇదేంటి పచ్చి జామకాయ కొరికినట్టుంది, చిగుళ్ళు పట్టేస్తున్నాయి అన్నా. టానిన్ అంటే అదే అన్నాడు మా పక్కింటి పెద్దాయన. వగరు! ఇన్నాళ్ళూ వీళ్ళు టానిన్ టానిన్ అని భయపెట్టింది వగరు గురించా అని నవ్వొచ్చింది. ఇక్కడ చాలామంది ఆ రుచిని డ్రైగా ఉంది అని సరిపెట్టుకుంటారు, మనం వక్క నమిలి, నేరేడు పండు తిని, ఉగాది పచ్చడిలో మామిడి ముక్క వగరు సరిపోలేదని అత్తగారికి వంక పెట్టే జాతి. మనకి వైన్ రుచి ఒకరు నేర్పేదేంటి.

కాబట్టి గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి, ఒకసారి తిప్పి, ముక్కు పెట్టి వాసన చూడండి. ఒక గుక్క నోట్లో రెండు క్షణాలు ఆపండి. చింతకాయ తలుచుకుంటే ఊరినట్టు దవడల పక్కన నీళ్ళూరితే అది పులుపు. చిగుళ్ళు బిగిస్తే వగరు. గొంతులో మంటగా దిగితే ఆల్కహాల్ ఎక్కువ, లేబుల్ మీద 15 శాతం అనుంటుంది చూడండి. పప్పుచారులో లాగా ఇవేవీ ఒకదాన్నొకటి తొక్కేయకుండా, మింగాక కూడా రుచి నోట్లో పది లెక్కపెట్టేదాకా ఉంటే అది మంచి వైన్, ధర ఎంతైనా సరే. మా తాతయ్య పొద్దున దించిన తాటికల్లుకీ మధ్యాహ్నానికి పులిసినదానికీ తేడా వాసనతోనే చెప్పేవాడు, ఆయన ఏ కోర్సూ చేయలేదు.

వైన్ చదువుకున్న వాళ్ళూ బోల్తా పడతారు లెండి. 2001 లో వచ్చిన ఒక ప్రయోగంలో ఫ్రాన్స్ లోని బోర్డోలో వైన్ చదువుతున్న 54 మందికి తెల్ల వైన్ లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే ఎర్ర వైన్ కి వాడే మాటలతోనే వర్ణించారు. కళ్ళు మోసం చేస్తాయి, ధర ఇంకా ఎక్కువ చేస్తుంది. అందుకే మా ఇంట్లో ఆట ఏంటంటే, ఒక్కో జంట 15 డాలర్లలోపు సీసా ఒకటి తేవాలి, అన్నిటినీ బ్రౌన్ పేపర్ కవర్లలో చుట్టి నంబర్లు వేస్తాం. ఒకసారి మా ఆయన గుట్టుగా 85 డాలర్ల నాపా కాబర్నే (వగరు ఎక్కువుండే ఎర్ర వైన్) కూడా కలిపేశాడు. చికెన్ వేపుడుతో తాగితే అది చివరి నుంచి రెండోది, మొదటొచ్చింది 11 డాలర్ల ఫ్రాన్స్ వైన్, కోట్ డ్యూ రోన్. మా ఆయన మొహం చూడాలి!

అది ఆ వైన్ తప్పు కాదు, మన కారం తప్పు. కారానికి వగరూ ఆల్కహాలూ తోడైతే మంట రెట్టింపవుతుంది. మన కూరలకి కొంచెం తీపీ, బాగా పులుపూ ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ దొరకబుచ్చుకోండి, వాషింగ్టన్ స్టేట్ వి 10, 12 డాలర్లకే వస్తాయి, చాలావాటి వెనక తీపి ఎంతో చెప్పే గీత కూడా ఉంటుంది. గోంగూర మాంసానికి వైన్ కూడా పుల్లగా ఉండాలి, లేకపోతే గోంగూర ముందు నీళ్ళలా అనిపిస్తుంది, సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్ పట్టండి. పండగలకి షాంపేన్ బదులు స్పెయిన్ వాళ్ళ బుడగల వైన్ కావా కొనండి, అదీ సీసాలోనే రెండోసారి పులియబెట్టేదే, ధర మాత్రం మూడో వంతు. ఎరుపు కావాలంటే పోర్చుగల్ డోరో, స్పెయిన్ గర్నాచా, మన పక్కనే లోడై జిన్‌ఫండెల్. ఊరి పేరుకి డబ్బులు కట్టక్కర్లేని చోట్లు ఇవి.

లేబుల్ మీద రిజర్వ్ అని బంగారు అక్షరాలుంటే కరిగిపోకండి, అమెరికాలో ఆ మాటకి చట్టప్రకారం అర్థమే లేదు. కాబర్నే అని రాస్తే 75 శాతం ఆ ద్రాక్ష ఉంటే చాలు, నాపా వ్యాలీ అంటే మాత్రం 85 శాతం అక్కడిదే ఉండాలి.

ఇంకోటి, ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్ లో తాగాలంటారు, అది ఏసీలు లేని రోజుల నాటి చల్లటి రాతి ఇళ్ళ లెక్క, మన అపార్ట్‌మెంట్ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ లెక్క కాదు. 20 నిమిషాలు ఫ్రిజ్ లో పెట్టి తీయండి, పది డాలర్లది పాతికది లాగా ఉంటుంది. తెల్లది తాగే ముందు ఓ పావుగంట బయట పెట్టండి. మిగిలితే బిరడా పెట్టి ఏదైనా సరే ఫ్రిజ్ లోనే, మూడు రోజులు ఢోకా లేదు.

రెస్టారెంట్ లో గ్లాసుల లెక్కన తాగడం అంత దండగ ఇంకోటి లేదు, చాలా చోట్ల మొదటి గ్లాసు డబ్బుల్లోనే సీసా కొన్న ఖర్చు లాగేస్తారు. మన సీసా మనం తీసుకెళ్ళి కార్కేజ్ (దాన్ని తెరిచి పోసినందుకు వాళ్ళు తీసుకునే రుసుము) కట్టొచ్చేమో ఫోన్ చేసి అడగండి. వెయిటర్ ముందు కొంచెం పోసి నిలబడితే అది నచ్చిందా అని కాదు, చెడిపోయిందా అని. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మొహమాటపడకుండా వెనక్కిచ్చేయండి.

వీసా మీదున్న పిల్లలూ, ఇది మాత్రం రెండుసార్లు చదవండి. సీసాకి అయిదు గ్లాసులు, రెండు తాగి కారెక్కితే చాలామందికి ప్రమాదమే, దాదాపు అన్ని రాష్ట్రాల్లో రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.08 శాతం, యూటా లో 0.05. 2015 నుంచి డీయూఐ (తాగి బండి నడపడం) కింద అరెస్టయితే చాలు, కోర్టు తేల్చకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంప్ రద్దు చేయొచ్చు, ఇక ఇండియా వెళ్తే మళ్ళీ స్టాంపింగ్, మెడికల్, ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు. ఊబర్ 30 డాలర్లు. తెరిచిన సీసా ఇంటికి తెచ్చుకుంటే డిక్కీలో పెట్టండి, సీటు పక్కన కాదు.

ఇక ఆ అమ్మాయికి జవాబు. అమ్మాయ్, 14 డాలర్ల కావా ఒకటి కొను, రెండు గంటలు ఫ్రిజ్ లో పెట్టి పట్టుకెళ్ళు. వాళ్ళు అప్పుడే తెరవకుండా లోపల పెట్టేస్తే చిన్నబుచ్చుకోకు, ఆ పూట తాగేవి వాళ్ళు ముందే అనుకుని ఉంటారు. ధర స్టిక్కర్ మాత్రం గోరువెచ్చటి నీళ్ళతో తడిపి తీసెయ్, గోరుతో గీకితే సగం ఉండిపోతుంది, ఆ సగంలో 14 ఉంటుంది.