క్రోమ్‌లావ్ వెళ్తున్నావట, ముందు తిరుగు బస్సు సంగతి చూసుకో

బంగారుతల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు డ్రెస్డెన్ నుంచి ఇద్దరు స్నేహితురాళ్లతో అక్టోబరు ఆఖరి శని, ఆదివారాలు గోర్లిట్జ్ జిల్లా చూడ్డానికి బయల్దేరుతున్నావని చెప్పింది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను వద్దని చెప్పను. సందు చివర కొట్టుకి పెరుగు పాకెట్టు కోసం వెళ్లాలన్నా అక్కడ కుక్క ఉందని నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచిన పిల్ల, ఇవాళ జర్మనీలో అన్నిటికన్నా తూర్పున, ఒక పక్క పోలండ్, ఒక పక్క చెక్ సరిహద్దు ఉన్న జిల్లాకి తనే ప్లాన్ వేసుకుని వెళ్తోందంటే నాకెంత గర్వంగా ఉందో నీకు తెలీదు. ఫోన్ పెట్టేశాక నిద్ర మాత్రం పట్టలేదు. కారణం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

నువ్వు మీ అమ్మకి పంపిన లిస్టు నాకూ పంపింది. క్రోమ్‌లావ్ ఊళ్లో రాకోట్జ్ వంతెన, ముస్కావ్ పార్కు, నోఖ్టెన్ బండరాళ్ల పార్కు, లాండెస్‌క్రోనె కొండ, ఓయ్‌బిన్. రెండు రోజుల్లో ఐదు. కారున్నవాళ్లకే అది పరుగవుతుంది తల్లీ, మీరేమో రైలూ బస్సూ పట్టుకుని తిరిగేవాళ్లు. అందులో రెండు తీసెయ్. నోఖ్టెన్ తీసెయ్. మంచు యుగంలో హిమానీనదాలు స్కాండినేవియా నుంచి మోసుకొచ్చిన వేల బండరాళ్లు బొగ్గు గనిలో బయటపడితే వాటితో కట్టిన తోట అది, చూడదగ్గదే, కానీ బస్సుల మీద ఆధారపడి వెళ్లే చోటు కాదు. ఓయ్‌బిన్ ఇంకోసారి పెట్టుకో. అది జిల్లాకి దక్షిణం కొస, మిగతావన్నీ ఉత్తరాన. దానికి ఒక రోజంతా కావాలి. జిట్టావ్ నుంచి 1890 నాటి చిన్న పట్టాల మీద ఆవిరి బండి ఎక్కి, ఇసుకరాతి కొండ మీదున్న కోటా, మఠం శిథిలాల దాకా ఎక్కాలి. చక్రవర్తి నాలుగో కార్ల్ కట్టించిన మఠం 1577లో పిడుగు పడి కాలిపోయింది. పైకప్పు లేని ఆ గోడల మధ్య నిలబడితే ఆకాశమే కప్పులా ఉంటుంది. మీ అత్తయ్య అక్కడ గంటసేపు మాట్లాడకుండా కూర్చుంది. అలాంటి చోటికి వాచీ చూసుకుంటూ వెళ్లకూడదు.

శనివారం గోర్లిట్జ్ ఊరు చూసి, సాయంత్రం లాండెస్‌క్రోనె ఎక్కండి. 420 మీటర్ల కొండ, ఒకప్పటి అగ్నిపర్వతం మిగిల్చిన నల్లరాయి. దాని దగ్గరి దాకా ట్రామ్ వెళ్తుంది కాబట్టి నాకు భయం లేదు. రాత్రి గోర్లిట్జ్‌లోనే ఉండి ఆదివారం పొద్దున్నే వైస్‌వాసర్ రైలెక్కండి, ముస్కావ్‌కీ క్రోమ్‌లావ్‌కీ దగ్గరి స్టేషన్ అదే. మీ దగ్గరున్న నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్, ఆ రైలుకి పనికొస్తుంది.

ఇంక అసలు సంగతి. ఆదివారం. నువ్వు క్యాలెండర్ చూసుకున్నావో లేదో గానీ, మీరు వెళ్లే ఆ ఆదివారమే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. ఫోన్‌లో టైము దానంతటదే మారిపోతుంది, అందుకే నీ తరం పిల్లలు దాని గురించి ఆలోచించరు. కానీ సూర్యుడు ముందు రోజు ఆరింటికి కాస్త ముందు అస్తమిస్తే, ఆ రోజు ఐదు కాకముందే అస్తమిస్తాడు. దీని సంగతి నాకు తెలిసినంత బాగా మన ఇంట్లో ఎవరికీ తెలీదు.

2002లో సరిగ్గా అదే ఆదివారం. నేను డ్రెస్డెన్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. మీ బావ ఇంకా పుట్టలేదు, అత్తయ్యకి ఆరో నెల. ఆఫీసులో ఒకాయన అటువైపే వెళ్తూ మమ్మల్ని కారులో క్రోమ్‌లావ్‌లో దింపాడు. తిరిగి రావడానికి బస్సు ఉందని, వైస్‌వాసర్ వెళ్లి రైలెక్కేస్తామని ఆయనకి ధీమాగా చెప్పాను. ఊళ్లో బస్టాపు బోర్డు మీద టైము చూసి చీటీ మీద రాసుకున్నాను కూడా. ఆ టైము పక్కన ఒక చిన్న అక్షరం ఉంది. అదేమిటో కింద వెతికి చదవలేదు. బడులున్న రోజుల్లో మాత్రమే అని దాని అర్థం. జర్మనీ పల్లెల్లో బస్సులు సగం బడి పిల్లల కోసం నడుస్తాయి, బడి లేకపోతే బస్సూ లేదు. ఆదివారం సాయంత్రం అక్కడ బడి పిల్లలు ఎవరుంటారు? ఆ మాత్రం నాకు తట్టలేదు.

మధ్యాహ్నమంతా ఎంత బాగుందో. ఆకులన్నీ పసుపూ, ఇటుక రంగూ. చెరువు నీళ్లు కదలకుండా ఉన్నాయి, వంతెన అర్ధచక్రం, నీళ్లలో ఇంకో అర్ధచక్రం, కలిసి నిండు సున్నా. నాలుగింటికి దగ్గర్లో కాఫీ అమ్మే ఆవిడ కుర్చీలు లోపల పెట్టేస్తూ, ఎలా వెళ్తారు అని మమ్మల్ని అడిగింది. అత్తయ్య కడుపు వంక చూసి మరీ అడిగింది. అదిగో, నా తప్పు అక్కడ ఉంది. బోర్డు తప్పుగా చదవడం కాదు. నా జర్మన్ అంతంతమాత్రం, తప్పులు మాట్లాడితే నవ్వుతారేమోనని సిగ్గు, అత్తయ్య ముందు తెలియనట్టు కనబడకూడదని పట్టుదల. "బస్, బస్" అని నవ్వేసి చెయ్యి ఊపాను. చీటీ తీసి ఆవిడకి చూపించి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆవిడ తలుపు తాళం వేసుకుని వెళ్లిపోయింది.

ఐదయ్యేసరికి చీకటి. ఐదున్నర దాకా ఆ బస్టాపులో కూర్చున్నాం. నా ఫోన్‌లో సిగ్నల్ లేదు. చలి ఎముకల్లోకి దిగుతోంది. అప్పుడు కూడా ఏదో ఒక ఇంటి తలుపు కొట్టొచ్చు కదా, కొట్టలేదు. "ఎంతో దూరం లేదు, పది నిమిషాల్లో మెయిన్ రోడ్డు వస్తుంది" అని అత్తయ్యకి అబద్ధం చెప్పి నడక మొదలుపెట్టాను. వైస్‌వాసర్ ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. రెండు పక్కలా పైన్ అడవి, దీపం లేదు. ఆ ప్రాంతానికి తోడేళ్లు తిరిగొచ్చాయని, 2000లో ముస్కావ్ అడవుల్లోనే పిల్లలు పెట్టాయని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. అవి మనుషుల జోలికి రావని ఇప్పుడు తెలుసు, ఆ రాత్రి తెలీదు. అత్తయ్య ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మధ్యలో ఆగి, నడుం పట్టుకుని, "కాసేపు కూర్చోనా?" అంది. రోడ్డు పక్క తడి గడ్డి మీద నా కోటు పరిచి కూర్చోబెట్టాను. ఒక కారు వచ్చింది, ఆగకుండా వెళ్లిపోయింది. నా జీవితంలో అంత చేతకానివాణ్ణి అనిపించిన క్షణం ఇంకోటి లేదు తల్లీ, ఇరవై ఏళ్లు దాటినా ఆ కారు వెనక ఎర్ర లైట్లు నాకు కళ్లముందే ఉంటాయి.

రెండో కారు ఆగింది. డెబ్భై దాటిన అవ్వ. దిగీ దిగగానే నన్ను తిట్టడం మొదలుపెట్టింది, సగం అర్థమయ్యాయి, మిగతా సగం కూడా నాకు దక్కాల్సినవే. అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి ఒళ్లో దుప్పటి కప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. ఊరి బోర్డు మీద వైస్‌వాసర్ కింద ఇంకో పేరు ఉంటుంది, బ్యెవా వోదా అని. అదేమిటని అత్తయ్య అడిగితే, రెండింటికీ తెల్లనీళ్లనే అర్థమని, తన పుట్టింటి భాష జర్మన్ కాదు, ఆ ప్రాంతంలో కొద్దిమంది మాట్లాడే సోర్బియన్ అని చెప్పింది. మీ అత్తయ్యది పర్లాకిమిడి కదా, వీధిలో బోర్డులన్నీ ఒరియా, ఇంట్లో తెలుగు. ఆవిడ చెప్పింది అత్తయ్యకి నాకంటే ముందు అర్థమైంది. ఆ అవ్వ స్టేషన్లో మాతోపాటు ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైలు వచ్చాకే వెళ్లింది. పేరు అడగలేదు నేను. ఆ రోజు అడగాల్సినవి ఏవీ అడగలేదు.

అందుకని చెప్తున్నా, ఎక్కడ దిగినా ముందు తిరుగు బస్సు చూడు. టైము పక్కన చిన్న అక్షరం ఉంటే దాని అర్థం చదివితీరు. కొన్ని బస్సులు ముందే ఫోన్ చేసి చెప్పుకుంటేనే వస్తాయి, రూఫ్‌బస్ అంటారు, అది శనివారమే ఫోన్ చేసి మాట్లాడుకో. అడవిలో ఇప్పటికీ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ఫోన్‌లోకి దించుకో. అన్నీ చూశాక కూడా అక్కడి మనిషిని అడుగు. వచ్చీరాని జర్మన్‌లోనే అడుగు.

ఇంకో సంగతి, నాకు కోపం తెప్పించింది ఇదే. ఆ వంతెన మీద నిలబడి వీడియో తీసుకుంటానని మీ అమ్మతో అన్నావట. వంతెన ఎక్కడం నిషేధం. రోచ్కె అనే భూస్వామి 1844 నుంచి వేయించిన తోటలో, చూడ్డానికే కట్టించిన రాళ్ల కమాను అది. చెరువు ఎండగట్టి ఏళ్లపాటు మరమ్మతు చేసి 2021కి నిలబెట్టుకున్నారు. నువ్వు జారితే కింద చన్నీళ్లు, రాళ్లు. నువ్వు జారకపోయినా, నిన్ను చూసి ఎక్కే పదోవాడు జారతాడు. ఒడ్డున నిలబడితేనే ఆ సున్నా కనబడుతుంది, మీద నిలబడితే ఏమీ కనబడదు. ఎక్కనని నాకు మాటివ్వాలి.

అలాగే పాత బొగ్గు గనుల్లో నీళ్లు నిండి చెరువులయ్యాయి అక్కడ, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని ఎర్రగా ఎంతో అందంగా ఉంటాయి. కొన్ని చోట్ల గట్టు ఉన్నట్టుండి కుంగిపోతుంది. "లేబెన్స్‌గెఫార్" అని బోర్డు కనబడితే, ప్రాణాపాయం అని అర్థం, అక్కణ్ణించే వెనక్కి తిరుగు. గడ్డిలో నడిచి వచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు అంటుకున్నాయేమో చూసుకోండి. చిల్లర డబ్బులు ఉంచుకో. ఆదివారం కొట్లు మూసేస్తారు, పులిహోర కలిపి పట్టుకెళ్లు.

ఆదివారం పొద్దున ముస్కావ్ ముందు చూడండి, క్రోమ్‌లావ్ తర్వాత. వైస్‌వాసర్‌లో సైకిళ్లు దొరికితే ఇంకా మంచిది, ఊళ్ల మధ్య దూరాలు పది కిలోమీటర్ల లోపే, పగలైతే హాయిగా తొక్కొచ్చు. అరవై సెంటీమీటర్ల పట్టాల మీద నడిచే అడవి రైలు కూడా ఉంది, సీజన్ అయిపోయిందేమో కనుక్కో.

ముస్కావ్ గురించి ఒక్కటే చెప్తాను. ప్యూక్లర్ అనే రాజకుమారుడు 1815లో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు దాని మీద పోసి, అప్పులపాలై 1845లో అమ్ముకుని వెళ్లిపోయాడు. పెరిగిన చెట్లని వేళ్లతో సహా తెచ్చి నాటించేవాడట. తోట ఎక్కడ ఆగిందో పొలం ఎక్కడ మొదలైందో తెలియకూడదని ఆయన తపన. 1945 తర్వాత ఆ తోట మధ్యలో పారే నైసే నదే రెండు దేశాల సరిహద్దయింది, మూడింట రెండు వంతులు పోలండ్‌కి పోయింది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు తోటలోని కోట ఇంకా మరమ్మతులోనే ఉంది, తోటలోంచి నది దాటే దారి లేదు. ఇటు ఒడ్డున నిలబడి, అటు ఎదురుగా అదే తోట కొనసాగుతుంటే చూస్తూ ఉండిపోయాం. 2003లో జంట వంతెన తెరిచారు, 2004లో రెండు దేశాలూ కలిసి అడిగితే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మళ్లీ వెళ్లినప్పుడు కూడా మేం దాటలేదు, వీసా లేదు. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లోకి పోలండ్ వచ్చింది 2007 డిసెంబరులో. ఆ తర్వాత కొన్నాళ్లకే మేం ఇంటికి వచ్చేశాం.

నువ్వు దాటు. అవతలి ఒడ్డు నుంచి కోట ఎలా కనబడుతుందో నేనెప్పుడూ చూడలేదు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒంటి మీద ఉండాలి, ఫోటోలు కాదు, అసలువి. ఇప్పుడు మళ్లీ సరిహద్దులో తనిఖీలు పెడుతున్నారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా క్రోమ్‌లావ్ వదిలి బయల్దేరండి. ఆ పొద్దుట్నుంచీ మనకీ మీకూ తేడా మూడున్నర కాదు, నాలుగున్నర గంటలు. వైస్‌వాసర్‌లో రైలెక్కగానే మెసేజ్ పెట్టు, ఇక్కడ రాత్రి ఎంతైనా నేనూ అత్తయ్యా మేలుకునే ఉంటాం. ఊళ్లో ఆ బస్టాపు ఇంకా ఉంటే ఒక ఫోటో తీసి అత్తయ్యకి పంపు. చూస్తానంటోంది.

మీ మావయ్య