పార్టీ కూడా ఇంటిపేరులాగే వస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా మామగారు చివరి వరకు కమ్యూనిస్టు పార్టీ సానుభూతిపరులు. మావారు 1983లో తొలి ఓటు వేసింది మొదలు నేటి వరకు తెలుగుదేశం. మా అబ్బాయి జనసేన అంటాడు. కోడలి పుట్టింటివారిది వైఎస్సార్ కాంగ్రెస్. ఆమె మా ఇంటికి వచ్చి ఏళ్లు గడిచినా ఆ అభిమానం రవ్వంత కూడా తగ్గలేదు. ఎన్నికలు వచ్చాయంటే మా ఇంట్లో నలుగురూ కలిసి టీవీ ముందు కూర్చునే పరిస్థితి ఉండదు. అయితే వీరిలో ఒక్కరైనా తమ పార్టీ మ్యానిఫెస్టోను మొదటి నుంచి చివరి దాకా చదవగా నేను చూడలేదు. మనుషులు పార్టీని నిజంగా ఎంచుకుంటారా, లేక అది పుట్టుకతోనో పెళ్లితోనో వచ్చి చేరుతుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మ్యానిఫెస్టో చదివి పార్టీని ఎంచుకునేవారు ఎక్కడైనా తక్కువే కనుక ఆ విషయంలో మీ ఇంటివారిని తప్పు పట్టనక్కరలేదు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒకే ఓటర్ల బృందాన్ని నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించారు. ప్రచారం మనసును ఎలా మారుస్తుందో చూడాలని వారు బయలుదేరితే, మనసు మార్చుకున్నవారే చాలా కొద్దిమంది కనిపించారు. ఎక్కువమంది ప్రచారం వేడెక్కక ముందే తేల్చుకుని ఉన్నారు. ఒకే ఇంటివారు, కలిసి పనిచేసేవారు చాలావరకు ఒకే వైపు ఉన్నారు. పత్రికలు, రేడియో చేసిన పని ప్రధానంగా ఉన్న అభిప్రాయాన్ని గట్టిపరచడమే. అంటే మనిషి ముందుగా ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకుంటాడు, ఎందుకు నిలబడ్డాడో చెప్పే కారణాలను ఆ తరువాత సమకూర్చుకుంటాడు. మన గుంటూరులోనూ జరిగేది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం.

మీ మామగారి తరాన్నే తీసుకోండి. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు పడినా 196 స్థానాల్లో దక్కినవి 15 మాత్రమే. అధికారం అందినట్టే అందిందనుకున్న పార్టీ అలా చతికిలబడిన తరువాత కూడా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు దశాబ్దాల పాటు ఆ జెండాను వదలలేదు. గెలిచే పార్టీ వెంట పోవడమే మనిషి స్వభావమైతే వారంతా మరుసటి ఎన్నికకే సర్దుకుని ఉండాలి. వారిని పట్టి ఉంచినవి వేరు: ఊళ్లో రైతు సంఘం, కూలి సంఘం, సాయంత్రం పదిమంది కూడే గ్రంథాలయం, పొన్నెకల్లు నాజర్ బుర్రకథ, విజయవాడ నుంచి వచ్చే ‘విశాలాంధ్ర’ పత్రిక, నిర్బంధం రోజుల్లో జైలుకు వెళ్లిన బంధువుల జ్ఞాపకం. 1964 జూలైలో పార్టీలోని అసమ్మతి నాయకుల తెనాలి సమావేశం జరిగి, ఆ ఏడాదే పార్టీ రెండుగా చీలినప్పుడు అన్నదమ్ములు చెరొక పార్టీకి పోయిన ఇళ్లు ఉన్నాయి గాని, ఆ చీలికతో విసిగి కాంగ్రెస్‌కు ఓటు వేసిన ఇళ్లు అంత తేలికగా కనబడవు.

కులం మాట ఎత్తకుండా ఈ జవాబు ముగించాలని చూస్తే అది బుకాయింపే అవుతుంది. మన జిల్లాల్లో అది చాలా పెద్ద కారణం. కాని అదొక్కటే కారణమని తేల్చేసేవారు పాత సంగతులు ఒకసారి గుర్తు చేసుకోవాలి. నిడుబ్రోలుకు చెందిన ఆచార్య రంగా వెంట కృషికార్ లోక్ పార్టీలోకి, 1959 తరువాత స్వతంత్ర పార్టీలోకి నడిచిన రైతులూ, ఆయనను పూర్తిగా వ్యతిరేకించిన కమ్యూనిస్టు రైతులూ చాలా ఊళ్లలో ఒకే కులం వారు, ఒకే కాలువ నీరు పారించుకున్నవారు. కులం ఒక గుంపును చూపిస్తుంది. ఆ గుంపు ఏ జెండా కింద చేరాలన్నది ఆనాటి పరిస్థితులు, నాయకులు, తగాదాలు తేలుస్తాయి.

ఇక మీవారి సంగతి. 1978 ఎన్నికలకూ 1983 ఎన్నికలకూ మధ్య కాంగ్రెస్ అధిష్ఠానం చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ నలుగురు ముఖ్యమంత్రులను మన ముందు నిలబెట్టింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలు తిరిగేసరికి అధికారంలోకి వచ్చింది. ఓటు వయసు అప్పటికి ఇంకా 21 ఏళ్లే కాబట్టి మీవారు ఇరవై దాటిన పడుచు వయసులో, రాష్ట్రమంతా ఊగిపోతున్న రోజుల్లో తొలి ఓటు వేశారు. అటువంటి సమయంలో పడిన తొలి ఓటు మామూలు ఓటు కాదు. ఆ తరువాత వచ్చే ప్రతి వార్తనూ ఆ ఓటు సమర్థించుకునే దిశగానే మనిషి చదువుతాడు. తండ్రిది ఎర్రజెండా, కొడుకుది పసుపు జెండా ఎలా అయిందని మీకు అనుమానం రావచ్చు. 1985లోనూ 1994లోనూ వామపక్షాలు తెలుగుదేశంతో కలిసి పోటీ చేశాయి. తమ అభ్యర్థి లేని చోట కమ్యూనిస్టు కుటుంబాలు సైకిల్ గుర్తుకు ఓటు వేయడానికి అలవాటు పడ్డాయి. పొత్తులు నాయకులు కుదుర్చుకుంటారు గాని, వాటి వల్ల ఓటరుకు పడే అలవాటు పొత్తు పోయాక కూడా మిగిలిపోతుంది. మీ అబ్బాయి పార్టీ 2014లో, అంటే రాష్ట్రం విడిపోయిన ఏడాదే పుట్టిందన్న సంగతిని కూడా ఈ వరుసలోనే చూడవచ్చు.

మీ కోడలి పుట్టింటి అభిమానానికి మూలమేమిటో ఆమెనే అడిగి చూడండి. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ పార్టీ మాట వెనుక ఒక ఆసుపత్రి ఉంటుంది: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద తండ్రికి గుండె ఆపరేషన్ జరిగిన ఇల్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ పూర్తిచేసిన కొడుకు ఉన్న ఇల్లు. రాజశేఖరరెడ్డి కాంగ్రెస్‌లో ఉండగా చేసినదానికి కృతజ్ఞత ఆయన కుమారుడు 2011లో పెట్టిన పార్టీకి బదిలీ అయింది. మెట్టినింటి పార్టీయే ఇకపై కోడలి పార్టీ అని మనవాళ్లు అనుకోవడం మామూలే గాని, పోలింగ్ కేంద్రంలో ఆమె ఒంటరిగా మీట నొక్కుతుంది.

అయితే కృతజ్ఞతకు కూడా ఒక పరిమితి ఉంది. 2019 ఎన్నికల ముందు తెలుగుదేశం ప్రభుత్వం పింఛనును వెయ్యి నుంచి 2,000 రూపాయలకు పెంచింది, పసుపు–కుంకుమ పేరిట డ్వాక్రా మహిళలకు 10,000 ఇచ్చింది, ఓడిపోయింది. ఆ తరువాత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఐదేళ్లు నేరుగా ఖాతాల్లో డబ్బు వేసింది, ఇంటి గుమ్మంలో పింఛను పంచింది, 2024లో ఓడిపోయింది. డబ్బు పంచితే ఓటు పడుతుందని చెప్పేవారు ఈ రెండు ఎన్నికలను ఎక్కడ దాచిపెడతారో చూడాలి.

అదే రెండు ఎన్నికల్లో నాకు ఆసక్తి కలిగించే అంకె ఇంకొకటి ఉంది. 2019లో తెలుగుదేశానికి 175లో 23 స్థానాలు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. కాని ఓడిన ఆ రెండు పార్టీలకూ ఓట్లు దాదాపు 39 శాతం చొప్పున పడ్డాయి. తుడిచిపెట్టుకుపోయిందని టీవీలో చెప్పిన రోజున కూడా ప్రతి వంద మందిలో దాదాపు నలభై మంది కదలకుండా అక్కడే ఉన్నారు. మీవారు, మీ కోడలు ఆ నలభైల్లోని వారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2019లో పడిన దాదాపు 50 శాతం ఓట్లు 2024లో 39కి దిగాయి. ఆ పది, పదకొండు శాతం మంది కదలిక, దానికి తోడు ప్రత్యర్థుల పొత్తు, ప్రభుత్వాన్ని మార్చేశాయి. పార్టీల బూత్ ఏజెంట్లకు ఇది బాగా తెలుసు. ఎన్నికల ముందు వారు ఓటర్ల జాబితా ముందు వేసుకుని, ఇంటి నంబరు వారీగా పేర్లు చదువుకుంటూ, ఇది మనది, ఇది వాళ్లది, ఇది చూడాలి అని పెన్నుతో గుర్తులు పెట్టుకుంటారు. మొదటి రెండు రకాల ఇళ్లకు స్లిప్పు ఇచ్చి వచ్చేస్తారు. మూడో రకం ఇంటి అరుగు మీద మాత్రం అరగంట కూర్చుంటారు. మీ ఇంట్లో ఏ పార్టీ లేనిది మీరొక్కరే గనుక, మీ పేరు పక్కన ఏ గుర్తు ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్‌లో కొందరు తమ నాయకుడు ఏం చేసినా సమర్థిస్తారు. నాకు మాత్రం ఏ పార్టీ మీదా అంత అభిమానం కలగడం లేదు. సినిమా అభిమానంతో పార్టీని ఎంచుకోవడం తెలివితక్కువతనం కాదా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: అంత తేలికగా తీసిపారేయకండి. 1982లో కొత్త పార్టీకి వార్డు వార్డునా జెండా కట్టడానికి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారంటే, చాలాచోట్ల రామారావు అభిమాన సంఘాల నుంచే వచ్చారు. అభిమాన సంఘం అప్పటికే తయారుగా ఉన్న కార్యకర్తల దళం. కాని అభిమానం మనుషులను కూడగట్టినంత సులభంగా ఓట్లను కూడగట్టలేదు. చిరంజీవి ప్రజారాజ్యం 2009లో 294 స్థానాల్లో 18 గెలిచి, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పవన్ కల్యాణ్ 2019లో పోటీ చేసిన రెండు చోట్లా ఓడిపోయారు; 2024లో పొత్తులో పోటీ చేసిన 21 స్థానాలూ ఆయన పార్టీ గెలిచింది. ఆ ఐదేళ్లలో అభిమానం కంటే ఎక్కువగా మారింది పొత్తు లెక్క. మీ స్నేహితులు ఇష్టపడే నాయకుడిని గురించి వాదించకుండా, ఆయన ఏం చేస్తే మీరు ఆయనకు ఓటు వేయరు అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. జవాబు చెప్పగలిగినవాడితో రాజకీయాలు మాట్లాడవచ్చు. చెప్పలేనివాడితో క్రికెట్ మాట్లాడుకోవడం మేలు. మీకు ఏ అభిమానమూ కలగకపోవడం లోపమేమీ కాదు.

ప్రశ్న: నాయకుడు కండువా మారిస్తే ఓటర్లు కూడా ఆయన వెంట వెళతారా?
– ఒక వ్యాపారి, పటమట, విజయవాడ

జవాబు: కొందరే వెళతారు. మీ నియోజకవర్గమే ఇందుకు మంచి ఉదాహరణ. కేశినేని నాని 2014లోనూ 2019లోనూ తెలుగుదేశం అభ్యర్థిగా విజయవాడ ఎంపీ అయ్యారు. 2024లో అదే మనిషి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి, తెలుగుదేశం తరఫున నిలబడిన సొంత తమ్ముడి చేతిలో రెండున్నర లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. దీన్ని బట్టి మనిషికి విలువ లేదు, గుర్తుకే ఉందని తేల్చేస్తే మళ్లీ పొరపాటే. 2019లో విజయవాడ లోక్‌సభ పరిధిలోని 7 అసెంబ్లీ స్థానాల్లో 6, గుంటూరు లోక్‌సభ పరిధిలోని 7లోనూ 6 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకోగా, రెండు ఎంపీ స్థానాలూ తెలుగుదేశానికే దక్కాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చిన 3 లోక్‌సభ స్థానాల్లో ఇవి 2. అంటే ఒకే రోజున, ఒకే గదిలో, పక్కపక్కన ఉన్న రెండు యంత్రాల మీద రెండు వేర్వేరు గుర్తులు నొక్కినవారు ఈ రెండు నగరాల్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. నాయకుడితో పాటు కండువా మార్చేవారు సాధారణంగా ఆయన ద్వారా పనులు జరిగేవారు: కాంట్రాక్టర్లు, డివిజన్ స్థాయి నాయకులు, తహసీల్దారు కార్యాలయంలో ఆయన ఫోన్‌తో కదిలే ఫైలు ఉన్నవారు. మిగిలినవారు ఆయన వెళ్లిన సంగతి పత్రికలో చదివి, తమ చోట తాము ఉంటారు.